స్త్రీ వేషం, తాళం, నడక: తెనాలి సీమ రంగస్థలంలో చలన భావన

ఇరవయ్యో శతాబ్ది తొలి సగంలో కృష్ణా డెల్టా పశ్చిమ భాగంలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు తెలుగు నాటకరంగానికి పేరెన్నికగన్న గాయకనటులను ఇచ్చాయి. వారి చరిత్రను ఇంతవరకు ఎక్కువగా రాగాల చరిత్రగా, గొంతుల చరిత్రగా, బిరుదుల చరిత్రగా చెప్పుకోవడమే జరిగింది గాని, ఆ నటుల ఒంట్లో కదలిక ఎట్లా రూపుదిద్దుకున్నదో, ఆ కదలికను పట్టుకోగల చూపు చూసేవారిలో ఎట్లా ఏర్పడినదో విచారించడం అరుదు. శరీరం కదలకుండానే ఒక కదలికను లోలోపల నడిపించి చూసుకోగల శక్తిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చలన భావన అంటారు. దూరం చూసి కాలువ దాటగలనా లేదా అని గట్టు మీద నిలబడి అంచనా వేసుకునే మనిషి చేసేది ఆ పనే. ఈ శక్తి అందరికీ కొంత ఉన్నా, అది పుట్టుకతో సమంగా పంచి పెట్టినది కాదనీ, ఒళ్ళు చేసిన పనిని బట్టి, చెవి విన్న లయను బట్టి పెరుగుతుందనీ, ఆ రెండూ ఎండిపోయిన చోట అదీ సన్నగిల్లుతుందనీ ఈ సీమ రంగస్థల చరిత్ర చూపిస్తుంది. అందుకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం స్త్రీ వేషం, ఎందుకంటే మగపిల్లవాడిగా పెరిగి, మగవాడి నడకకు అలవాటుపడిన మనిషి, తన కాళ్ళు ఎన్నడూ నడవని నడకను ముందు ఊహించి, ఆ తర్వాత వేదిక మీద వేలమంది ముందు నడిచి నమ్మించవలసి వచ్చిన విద్య అది.

స్థలం గురించి కొంత చెప్పుకోవాలి. విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాక కాలువలు పారిన పల్లెల్లో వరి స్థిరపడింది, పంట చేతికి వచ్చిన తర్వాత రైతు చేతిలో నాలుగు రూకలు ఆడే రోజులు వచ్చాయి, మూడు కాలువలు పట్టణం నడిబొడ్డునుంచి పోయే తెనాలి ఆ డబ్బు చేరే అంగడిగా ఎదిగింది. గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లెకు 1916లో రైలుమార్గం పడడంతో సముద్రానికి దగ్గరి పల్లెలు కూడా పట్టణపు నాటకానికి అందుబాటులోకి వచ్చాయి. తెర గుడ్డలు, పెట్టెలు, హార్మోనియం వేసుకుని ఒక సమాజం రాత్రికి రాత్రి ఊరు మారగలిగింది. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని పిలవడం ఆ కాలపు కళాభిమానానికి గుర్తుగా నిలిచిపోయింది, అయితే ఆ పేరు వెనుక ఉన్నది ప్యారిస్ కాదు, ధాన్యం ధర.

తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శన 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పూనికతో మొదలైందని చెప్పడం పరిపాటి. ఆ దశాబ్దంలోనే ధార్వాడ నాటక సమాజం వారు తెర, రంగుల అలంకరణ, పాటతో కూడిన ప్రదర్శన పద్ధతిని తీరాంధ్ర ప్రేక్షకులకు రుచి చూపారు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు తన నాటకాలలో పాటకు, రాగానికి పెద్దపీట వేశారు. బాపట్ల ప్రాంతంలో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకం, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఊరూరా వ్యాపించే నాటికి పద్యనాటకం అనే రూపం స్థిరపడింది. ఈ పరిణామాన్ని గ్రంథాలు వివరంగానే చెప్పాయి కనుక ఇక్కడ విస్తరించనవసరం లేదు. విచారించవలసింది ఆ రూపంలో శరీరానికి దక్కిన చోటు ఏమిటన్నదే.

పద్యం, పాట రెండూ రంగస్థలం మీద పాడేవే అయినా శరీరం విషయంలో అవి రెండు వేరు లోకాలు. పద్యానికి గణాలు, యతి, ప్రాస ఉంటాయి గాని, నటుడు దాన్ని ఎత్తుకున్నప్పుడు తాళం వెంట రాదు. ఒక అక్షరం మీద నిలిచి రాగాన్ని ఎంతసేపైనా సాగదీయవచ్చు, హార్మోనియం అతన్ని వెంబడిస్తుంది, తబలా ఆగి ఉంటుంది. అప్పుడు శరీరాన్ని నడిపేది ఊపిరి. కాబట్టి పద్యం పాడే నటుడు ముందుకు వచ్చి నిలబడి, పై శరీరంతో, మెడ తిప్పుతో, ఒక చేతి కదలికతో, కనుచూపుతో పని జరుపుకుంటాడు, కాళ్ళు మాత్రం దాదాపు నేలకు అంటుకుని ఉంటాయి. పాట అట్లా కాదు. అది ఎనిమిది అక్షరాల ఆది తాళంలో గాని, మరో తాళంలో గాని తిరిగి తిరిగి మొదటి దెబ్బకు చేరుతుంది, ఆ తిరుగుడు శరీరాన్ని లాగుతుంది. అడుగు ఎక్కడ పడాలో, మలుపు ఎప్పుడు పూర్తి కావాలో, వాలుజడ ఎప్పుడు ముందుకు రావాలో తాళం ముందే చెబుతుంది. దుర్యోధనుడికి, కృష్ణుడికి పద్యాలే ప్రాణం కాగా, స్త్రీ పాత్రకు పాటలు ఎక్కువగా దక్కడం వల్ల, పద్యనాటకంలో నడక అనే భారం చాలావరకు స్త్రీ వేషధారి మీద పడింది. ఇది ఎవరూ తీర్మానించి చేసిన ఏర్పాటు కాకపోయినా దాని ఫలితం దూరం సాగింది.

ఆ భారాన్ని మోసినవారిలో అగ్రగణ్యుడు స్థానం నరసింహారావు. 1902లో బాపట్లలో పుట్టిన ఆయన, 1920లో ఆ ఊళ్ళోనే హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషం వేయవలసిన నటుడు రాకపోతే ఆ పాత్రకు ముందుకు వచ్చి రంగస్థలం ఎక్కారని చెబుతారు. తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు వంటి నటుల సాహచర్యంలో మూడు దశాబ్దాలకు పైగా స్త్రీ పాత్రలు ధరించారు. ముత్తరాజు సుబ్బారావు రచించిన శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ, సారంగధరలో చిత్రాంగి, కాళ్ళకూరి నారాయణరావు నాటకంలో చింతామణి, విప్రనారాయణలో దేవదేవి, కొప్పరపు సుబ్బారావు రాసిన రోషనారలో రోషనార, గురజాడ కన్యాశుల్కంలో మధురవాణి ఆయనకు పేరు తెచ్చిన వేషాలు. 1956లో పద్మశ్రీ అందుకుని, 1971లో కన్నుమూశారు. తన నట జీవితానుభవాన్ని నటస్థానం అనే పుస్తకంగా రాసి ఉంచారు. వేషం కట్టే మనిషి తన పనిని తానే అక్షరాల్లో పెట్టుకోవడం అప్పటి తెలుగు రంగస్థలంలో అంతగా కనబడే విషయం కాదు.

పాత్రల ఈ పట్టికను వరుసగా చదివితే అది ప్రతిభకు నిదర్శనంగా మాత్రమే కనిపిస్తుంది గాని, నడకల పట్టికగా చదివితే మరింత తేటపడుతుంది. సత్యభామ గర్వంతో నడవాలి, ఆమె నడకలో ఎదుటివారు దారి ఇస్తారన్న నిశ్చయం ఉండాలి. చిత్రాంగి సవతి కొడుకు మీద మనసుపడిన రాణి కనుక ఆమె అడుగులో రాచరికపు నెమ్మది, లోపలి తొందర ఒకదానితో ఒకటి పెనుగులాడాలి. దేవదేవి భక్తుణ్ణి వలలో వేసుకోవడానికి వినయాన్ని నటించే వేశ్య, అంటే ఒక నడక మీద మరో నడకను తొడుక్కున్న స్త్రీ. రోషనార మొగలు రాజకుమారి కనుక చీరకట్టు పోయి వేరే ఉడుపు వస్తుంది, దానితో పాటు అడుగు పొడవు మారుతుంది. ఇక మధురవాణి సంగతి వేరు. కన్యాశుల్కం వాడుక మాటల్లో రాసిన వచన నాటకం, అందులో స్త్రీ పాత్రను మోసుకుపోయే పాటల ప్రవాహం లేదు. తాళంలో పెరిగిన శరీరం తాళం వినబడని ఇంట్లో, గిరీశంతో, రామప్ప పంతులుతో మాట్లాడుతూ తిరగాలి. బయట వాయిద్యం లేనప్పుడు లోపల మోగే లయ మీద ఆధారపడి నడిచే ఈ పరీక్షలో నెగ్గినవారికే, ముందటి పాటలు అలంకారంగా గాక శిక్షణగా పనిచేశాయని అనుకోవడానికి ఆధారం దొరుకుతుంది.

వేషం కట్టడమంటే రూపం మార్చడం మాత్రమే కాదు, కదలికకు హద్దులు గీయడం కూడా. చీర కుచ్చిళ్ళు బిగించి దోపితే పెద్ద అంగ వేయడం కుదరదు. వడ్డాణం నడుము వంపును ఒక మేరకు మించనివ్వదు. నాగరం, జడకుచ్చులతో బరువెక్కిన జడ మెడను కాస్త వెనక్కి లాగి తలను నిటారుగా నిలబెడుతుంది, తల తిప్పినప్పుడు జడ ఆలస్యంగా తిరుగుతుంది కనుక ఆ ఆలస్యాన్ని నటుడు లెక్కలోకి తీసుకోవాలి. ఈ వస్తువులతో రోజూ సహవాసం చేసిన శరీరం, అవి లేనప్పుడు కూడా వాటి హద్దుల్లోనే కదలికను ఊహించుకుంటుంది. జపాను కబుకి రంగస్థలంలో స్త్రీ వేషధారులను ఒన్నగాత అంటారు. వారిలో ప్రసిద్ధుడైన యోషిజావా అయామె, పదిహేడో శతాబ్ది చివర, పద్దెనిమిదో శతాబ్ది మొదట్లో వర్ధిల్లినవాడు, స్త్రీ పాత్రధారి వేదిక దిగిన తర్వాత కూడా స్త్రీలాగే మెలగాలని బోధించాడు. తెనాలి నటులు అంత దూరం పోలేదు. వారికి తెల్లవారితే పంచె కట్టుకుని బజారులోకి వెళ్ళే మగవాడి జీవితం ఉండేది, రాత్రి మళ్ళీ నడక మార్చుకోవలసి ఉండేది. రెండు నడకల మధ్య రోజూ రాకపోకలు సాగించడం వల్లనే తేడా ఎక్కడుందో వారికి స్పష్టంగా తెలిసి ఉంటుందని వాదించడానికి వీలుంది.

శ్రీకృష్ణ తులాభారంలో మీరజాలగలడా అన్న పల్లవితో ఎత్తుకునే పాటను స్థానం వారే రచించారు. కృష్ణుడు తన ఆజ్ఞను దాటిపోగలడా అని సత్యభామ తనలో తాను మురిసిపోయే సందర్భం అది. ఆ పల్లవిని ఆయన ఒకసారి పాడి వదిలేవారు కాదనీ, తిరిగి తిరిగి ఎత్తుకుంటూ, ప్రతిసారీ వేరొక భావాన్ని, గర్వాన్ని, చిలిపితనాన్ని, పంతాన్ని పలికించేవారనీ ఆ కాలపు ప్రేక్షకులు చెప్పుకున్నారు. నాట్య పరిభాషలో ఒకే పదాన్ని పలు భావాలుగా విస్తరించడాన్ని సంచారి అంటారు, దేవాలయ నర్తకులు, కూచిపూడివారు పదాభినయంలో వాడిన పద్ధతి అదే. నాటక పాత్ర కోసం ఒక నటుడు తనకు తానే పాట కట్టుకోవడంలో గమనించవలసిన విషయం ఒకటుంది. కవి ముందు మాటను ఊహించి తర్వాత దానికి నటుడు కదలికను వెతుక్కునే మామూలు వరుస ఇక్కడ తిరగబడి ఉండవచ్చు, నడవాలనుకున్న నడకకు సరిపడే మాట పుట్టి ఉండవచ్చు. పాటలో ఆగే చోట్లు, ఎత్తుకునే చోట్లు శరీరానికి అంత అనువుగా కుదరడానికి ఇంతకన్నా సహజమైన కారణం చెప్పడం కష్టం.

నడకను కొలతల్లో పెట్టే ఆలోచన ఈ దేశానికి కొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రం గతిప్రచారమనే అధ్యాయంలో పాత్రల నడకలకు దూరమూ కాలమూ రెండూ నిర్ణయించింది. బొటనవేలు, నడిమివేలు చాచినంత మేరను తాళమనే పొడవు కొలతగా తీసుకుని, దేవతలకు, రాజులకు అడుగుకు నాలుగు తాళాలు, మధ్యములకు రెండు, స్త్రీలకు, నీచ పాత్రలకు ఒకటి అని చెప్పింది. అట్లాగే ఉత్తమ పాత్ర అడుగుకు నాలుగు కళల కాలం, మధ్యమునికి రెండు, అధమునికి ఒకటి అని సంగీతంలోని కాలప్రమాణాన్నే నడకకు అన్వయించింది. స్త్రీలను నీచ పాత్రల పక్కన కూర్చోబెట్టిన ఆ సామాజిక దృష్టిని నేడు ఎవరూ సమర్థించరు. కాని నడక అంటే దూరాన్ని కాలంతో ముడివేయడమనీ, ఆ ముడిని సంగీతమే వేయగలదనీ గుర్తించడం శాస్త్రపరంగా గొప్ప సంగతి. పురుషుడు స్త్రీ పాత్రను ధరించడాన్ని కూడా ఆ గ్రంథం రూపానురూపమన్న పేరుతో ఒక ప్రత్యేక ప్రకృతిగా, అంటే పాత్ర ధారణలో ఒక రకంగా, లెక్కించింది.

రేపల్లెకు తూర్పున కృష్ణ దాటితే దివిసీమ పక్కన కూచిపూడి వస్తుంది. అక్కడి భాగవతులు స్త్రీ వేషాన్ని తెనాలి నాటకానికి ఎంతో ముందునుంచీ పోషించారు. భామాకలాపంలో సత్యభామ తెర వెనుక నిలిచి, జడను తెర మీదుగా బయటికి వేసి, ప్రవేశ దరువుతో, అంటే పాత్ర తనను తాను పరిచయం చేసుకునే తాళబద్ధమైన పాటతో, రంగం మీదికి వస్తుంది. అక్కడి కుర్రవాడు చిన్నతనంలోనే అడుగులు, జతులు కాళ్ళతో నేర్చుకుంటాడు, భావం ఆ తర్వాత వచ్చి చేరుతుంది. తెనాలి నటుడికి అటువంటి బాల్య శిక్షణ లేదు. అతనికి ముందు పాట వచ్చింది, పాటలోంచి భావం వచ్చింది, చివరికి కాళ్ళు కదిలాయి. ఒకే సత్యభామను ఏటికి ఈ ఒడ్డున, ఆ ఒడ్డున రెండు వేర్వేరు దారుల్లో చేరుకున్నారు. కూచిపూడి దారికి ఇరవయ్యో శతాబ్దిలో శిఖరం వేదాంతం సత్యనారాయణ శర్మ. 1970లో పద్మశ్రీ పొందిన ఆయన సత్యభామ, ఉష, మోహిని వేషాలతో పేరు గడించి 2012లో మరణించారు. ఆయన సత్యభామలో పాదం ముందు మాట్లాడుతుంది. స్థానం వారి సత్యభామలో ముందు మాట్లాడేది గొంతు. ఈ తేడాను ఎక్కువ తక్కువలుగా తూచడం సరికాదు, అయితే నేర్చుకున్న వరుసను బట్టి ఊహించే తీరు మారుతుందనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

పాశ్చాత్య దేశాలలో ఈ విషయం మీద జరిగిన విచారణ నాటకశాలలో గాక ప్రయోగశాలలో సాగింది. 1852లో ఆంగ్ల వైద్యుడు విలియం కార్పెంటర్, ఒక కదలికను తలచుకున్నంత మాత్రానే దానికి సంబంధించిన కండరాలు తెలియకుండానే స్వల్పంగా స్పందిస్తాయని ప్రతిపాదించాడు. 1930ల ప్రాంతంలో అమెరికాలో ఎడ్మండ్ జేకబ్‌సన్, చెయ్యి ఎత్తుతున్నట్టు ఊహించుకునే మనిషి కండరాలలో పుట్టే సూక్ష్మ విద్యుత్తును కొలిచి చూపాడు. 1989లో ఫ్రాన్సులో డిసెటీ, జన్నరో, వారి సహచరుడు కలిసి, ఒక దూరాన్ని మనసులో నడవడానికి పట్టే సమయం నిజంగా నడవడానికి పట్టే సమయానికి దగ్గరగా ఉంటుందని తేల్చారు. అంటే ఊహలోని నడక బొమ్మలా నిలిచి ఉండేది కాదు, దానికీ కాలప్రమాణం ఉంది. కళను కొలతగా పెట్టిన నాట్యశాస్త్రకారుడికి ఈ మాట వింతగా తోచి ఉండేది కాదు.

వీటన్నిటికన్నా స్త్రీ వేషానికి దగ్గరగా వచ్చే పరిశోధన 2005, 2006 సంవత్సరాలలో లండనులో బియాట్రిజ్ కాల్వో మెరీనో బృందం చేసినది. మొదటి ప్రయోగంలో బాలే నర్తకులకు, కపొయిరా అనే బ్రెజిల్ యుద్ధనృత్యం నేర్చినవారికి రెండు రకాల కదలికలనూ చూపించారు. ఎవరు నేర్చిన విద్య వారికి కనిపించినప్పుడు మెదడులో చలనానికి సంబంధించిన భాగాలు ఎక్కువగా స్పందించాయి. అప్పుడొక సందేహం మిగిలింది: ఆ తేడా చేసిన అలవాటు వల్లనా, చూసిన అలవాటు వల్లనా? బాలేలో మగవారు మాత్రమే చేసేవి, ఆడవారు మాత్రమే చేసేవి కొన్ని కదలికలు ఉంటాయి. ఇద్దరూ ఒకే శాలలో సాధన చేస్తారు కనుక ఒకరివి ఒకరు కావలసినంత చూసి ఉంటారు. రెండో ప్రయోగంలో ఆ కదలికలను చూపినప్పుడు, తమ శరీరం చేసే కదలికలకే చలన భాగాలు గట్టిగా పలికాయి. అంటే ఏళ్ళ తరబడి చూడడం వేరు, ఒంటితో చేయడం వేరు. ఆ యంత్రాలలో తెనాలి నటులెవరూ పడుకోలేదు కాబట్టి, లండను ఫలితాన్ని తెచ్చి ఇక్కడ యథాతథంగా అతికించడం శాస్త్రం అనిపించుకోదు. అయినా అది ఒక పాత ప్రశ్నకు రూపం ఇస్తుంది. తల్లి, అక్క, వదినల నడకలు ప్రతి మగపిల్లవాడూ పుట్టినప్పటినుంచి చూస్తూనే పెరుగుతాడు, అయినా ఆ చూపు ఒక్కటే అతన్ని సత్యభామను చేయలేదు. చీర కట్టి, జడ వేసి, తాళం మీద వేల అడుగులు వేసిన తర్వాతే ఆ నడక అతని ఊహకు లొంగింది.

ఇదే వాదాన్ని ప్రేక్షకుల వైపు తిప్పితే ఈ సీమ చరిత్రలో ఇంకా సారవంతమైన భాగం బయటపడుతుంది. నేల మీద చాప పరచుకుని తెల్లవార్లూ నాటకం చూసినవారు కేవలం కళ్ళతో వచ్చినవారు కారు. డెల్టా పొలాల్లో వరినాట్లు వేసే స్త్రీలు వరుసగా వంగి, నారు నాటుతూ, పాట మీద ఒకరి లయకు ఒకరు సర్దుకుంటూ వెనక్కి అడుగులు వేస్తారు. కంటికి కనబడని దిక్కుకు, బురదలో, ఒకే వేగంతో నడవడానికి వారికి ఆధారం వెనుక చూపు కాదు, పాట. నిజాంపట్నం, సూర్యలంక తీరాల్లో వల లాగే జాలరులకు కేక పడినప్పుడు ఒళ్ళు ఒక్కటవడం బతుకుతెరువు. పల్లెల్లో కోలాటం ఆడే మగవారికి కోపులు, అంటే కర్రల దెబ్బను అడుగుల వరుసతో కలిపే నడకలు, పదుల కొద్దీ నోటికి, కాలికి వచ్చి ఉండేవి. అందులో జడకోలాటం అన్నిటికన్నా జటిలమైనది. పైనుంచి వేలాడే తాళ్ళను ఒక చేత్తో పట్టుకుని ఆటగాళ్ళు ఒకరినొకరు దాటుకుంటూ తిరిగితే తాళ్ళు జడగా అల్లుకుంటాయి, ఆ తర్వాత అదే నడకను తలకిందులుగా ఆడి ఆ జడను విప్పాలి. వేసిన అడుగును వెనక్కి నడిపించి ఊహించగలిగితేనే అది సాధ్యం, ఒక్కడు తప్పినా ముడి పడుతుంది. చలన భావనకు పరీక్ష పెట్టదలచిన శాస్త్రజ్ఞుడెవరూ ఇంతకన్నా కఠినమైనది కల్పించలేడు, దాన్ని ఇక్కడి వారు పండుగపూట సరదాకు ఆడుకున్నారు.

వీటికి తోడు చెవికీ కాలికీ కలిపి పాఠం చెప్పే కళలు ఊరి మధ్యనే ఉండేవి. హరిదాసు ఒక్కడే కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, పాడుతూ, ఆడుతూ ఒక కథలోని పాత్రలన్నీ తానే అయి నిలుస్తాడు. ఆ కళకు పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు శరీరంలోని వేర్వేరు అవయవాలతో ఏకకాలంలో ఐదు తాళాలు నడిపి చూపిన పంచముఖి విద్యకు ప్రసిద్ధుడు. బుర్రకథలో కథకుడు తంబురా మీటుతూ, బొటనవేలికి తొడిగిన అందెలతో తాళం కొడుతూ, ముందుకు వెనక్కి అడుగులు వేస్తూ కథను పరిగెత్తిస్తే, ఇరుపక్కలా ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఆ కళను 1940ల నుంచి ప్రజానాట్యమండలి ద్వారా జనసమూహాల మధ్యకు తీసుకుపోయారు. గుర్రం ఎక్కిన వీరుణ్ణి చూపడానికి బుర్రకథలో గుర్రం ఉండదు, అడుగు లయ మారడమే గుర్రం. ఇటువంటి వాటికి అలవాటుపడిన మనిషి, రంగం మీద సత్యభామ ఒక అడుగు ఆపి వేస్తే, ఆ ఆపులో ఉన్న అలకను కంటితో గాక కాలితో గ్రహించాడని అనడం అతిశయోక్తి కాదు.

లండను ప్రయోగం చెప్పిన తర్కాన్ని అనుసరిస్తే స్త్రీ వేషానికి అతి కఠినమైన న్యాయమూర్తులు ప్రేక్షకుల్లోని స్త్రీలే కావాలి, ఎందుకంటే చీర బిగువు, జడ బరువు, చంకలో బిందె ఉన్నప్పటి నడుము ఒరుగు వారి ఒంటికి తెలుసు. స్థానం వారి చీరకట్టును, నగల అలంకరణను స్త్రీలే అనుకరించారన్న ప్రచారం ఆ రోజుల్లో విరివిగా ఉండేది. అందులో కొంత అభిమానుల అలంకారం కలిసి ఉండవచ్చు గాని, పూర్తిగా కల్పన అని తోసిపుచ్చడానికి కారణం లేదు. మగ ప్రేక్షకుల చప్పట్ల కన్నా ఈ ప్రచారమే ఆ వేషానికి పెద్ద యోగ్యతాపత్రం.

తరువాతి కాలంలో వచ్చిన కాంట్రాక్టు నాటకాలను విమర్శకులు తక్కువ చేసి మాట్లాడారు, ఆ విమర్శకు బలమైన కారణాలే ఉన్నాయి. కాంట్రాక్టరు ఒక ఊరి నుంచి కృష్ణుణ్ణి, మరో ఊరి నుంచి సత్యభామను, వేరొక చోటునుంచి నారదుణ్ణి పిలిపించి, ఆ సాయంత్రమే కలిసిన నటులతో, ముందస్తు సాధన లేకుండా నాటకం ఆడించేవాడు. పద్యానికి పద్యం పోటీ పెట్టి, వన్స్‌మోర్లు కొట్టించి, కథను గాలికి వదిలిన సందర్భాలు కోకొల్లలు. అయినా ఒక ప్రశ్న అడగవలసి ఉంది: ఒకరినొకరు సరిగా ఎరుగని నటులు రంగం మీద ఒకరికొకరు అడ్డుపడకుండా, పాట మధ్యలో చోట్లు మార్చుకుంటూ, చెయ్యి పట్టుకోవలసిన చోట పట్టుకుంటూ రాత్రంతా ఎట్లా నడిచారు? దానికి సమాధానం వారందరి ఒళ్ళలో సమానంగా పాతుకుపోయిన పాటల్లోనే ఉంది. హార్మోనిస్టు ఇచ్చే శ్రుతి, పల్లవికి తిరిగి వచ్చే మలుపు, పద్యం చివర తేలిపోయే రాగం, ఇవే వారికి దర్శకుడి ఆదేశాలు. దుగ్గిరాల, తెనాలి వైపు వేదికలకు సుపరిచితుడై, సుద్దపల్లిలో పుట్టి, ఈలపాటతో పేరు పొందిన కల్యాణం రఘురామయ్య కృష్ణుడుగా స్థానం వారి సత్యభామ ఎదుట నిలిచినప్పుడు, ఎదుటివారి ఊపిరి ఎక్కడ తెగుతుందో ముందే పసిగట్టడం వారికి సాధనలో భాగం. రఘురామయ్యకు 1975లో పద్మశ్రీ వచ్చింది, ఆ సంవత్సరమే ఆయన మరణించారు.

ఈ వ్యవస్థ సడలడానికి ఒకే కారణం చెప్పడం కుదరదు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలన్న న్యాయమైన కోరిక బలపడింది, 1885లో కడప జిల్లాలో ఆరంభమైన సురభి సమాజాలలో కుటుంబపు స్త్రీలు ముందునుంచీ నటిస్తూనే ఉన్నారు. 1932లో తెలుగు మాట్లాడే చిత్రం వచ్చాక నటులు మద్రాసు దారి పట్టారు. గ్రామఫోను ప్లేటు ఒక పక్కకు సుమారు మూడు నిమిషాలకు మించి పట్టదు కనుక, పల్లవిని తిరిగి తిరిగి ఎత్తుకునే విస్తారమంతా అందులో ఇమడదు. నాటకం చూసినవాడు ఆ ప్లేటు విని మిగతా నడకను మనసులో పూరించుకోగలడు, చూడనివాడికి అది ఒక పాట మాత్రమే. 1948లో విజయవాడ రేడియో కేంద్రం మొదలైనప్పటినుంచి పద్యనాటకం ఇళ్ళలోకి శబ్దరూపంలో చేరింది, శరీరం బయట ఉండిపోయింది. మరోవైపు నాట్లకు యంత్రాలు, కోలాటానికి ప్రదర్శన బృందాలు వచ్చి, ఊరందరి కాలికీ ఉన్న విద్య కొందరి విద్యగా మారింది. నటుడు తగ్గడం కన్నా ఈ రెండో మార్పు లోతైనది, దాన్ని నాటక చరిత్రలు ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

1966లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో శ్రీకృష్ణ తులాభారం చిత్రం వచ్చినప్పుడు, రంగస్థలం మీద స్థానం వారు రాసుకుని పాడిన పాట అందులో చేరింది. సత్యభామ పాత్ర ధరించిన జమున పుట్టింది హంపీలో అయినా పెరిగింది తెనాలి పక్కనున్న దుగ్గిరాలలో, చిన్నప్పుడే రంగస్థలం ఎక్కిన అనుభవం ఆమెకు ఉంది, 1957 నాటి వినాయక చవితి చిత్రంలో అదే పాత్ర అంతకుముందే పోషించింది. పాట పాడింది పి. సుశీల. బాపట్లలో పుట్టిన ఒక పురుషుడు స్త్రీ నడక కోసం కట్టిన పాటకు, ముందే రికార్డు చేసిన మరొక స్త్రీ గొంతు వింటూ, చిత్రీకరణ శాలలో ముక్కలు ముక్కలుగా ఒక నటి అడుగులు వేసింది. రంగస్థలం మీద ఊపిరి, గొంతు, కాలు ఒకే ఒంట్లో ఉండేవి, పల్లవిని ఎన్నిసార్లు తిప్పాలో ఆ ఒళ్ళే నిర్ణయించుకునేది. చిత్రంలో ఆ నిర్ణయం శబ్దపథం మీద ముందే జరిగిపోయి ఉంటుంది, నటి చేయవలసింది ఇంకొకరి ఊపిరి ఎక్కడ ఆగుతుందో విని, దానిలోకి తన అడుగును అమర్చడం. ఈ తరహా చలన భావన కాంట్రాక్టు నాటకాల నటులు ఎదుటివారి పాటను పసిగట్టిన విద్యకు దగ్గరిదే గాని, ఎదుటి మనిషి స్థానంలో ఇప్పుడు యంత్రం నిలిచింది. తరువాతి తరాల తెలుగువారు సత్యభామ నడకగా గుర్తుపెట్టుకున్నది జమున నడకనే.